ఒక్కచోటే నొప్పి

రామాంజులు పేరు కొట్టేసింది సావుకారు రాఘవేంద్రప్రసాద్. వేరే ఎవరూ కాదు. ఆ చీరల అంగడిలో పచ్చ ఇంకు పెన్ను ఒక్కడి జేబులోనే ఉంటుంది.

గురువారం పొద్దున పరుగు క్లబ్బు లిస్టును అంగడి అద్దం తలుపుకు లోపలివైపు అతికించారు. ఆదివారం జరిగే గండికోట పరుగుకు పేర్లిచ్చినవాళ్లు నూట అరవై మూడు మంది. ప్రొద్దుటూరులో మొదలై, ఊరు ఒక చుట్టు చుట్టి, జమ్మలమడుగు మీదుగా గండికోట కోటవాకిలి దాకా నలభై రెండు కిలోమీటర్లు. డాక్టర్లు, వకీళ్లు, బంగారు అంగళ్లవాళ్లు, కొందరు కాలేజీ పిల్లలు. ఎనభై ఎనిమిదో వరుసలో రామాంజులు, వయసు యాభై మూడు, గుమాస్తా. ఆ వరుస మీద ఎడమ నుంచి కుడికి ఒక పచ్చ గీత. స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది. బిల్లు తప్పు పడితే సావుకారు గీసే గీత అదే.

రామాంజులు రెండుసార్లు చదివాడు. చీరల మూట ఎత్తుకుని లోపలికి పోయాడు.

కార్తీకం పెళ్లిళ్లు. తొమ్మిదిన్నరకే గిరాకీ మొదలైంది. తెల్లగుడ్డ పరిచిన పరుపు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఒక్కో చీర విప్పి, కొంగు చూపించి, మళ్లీ మడత పెట్టాలి. కొనేవాళ్లవైపు కాళ్లు చాపకూడదు. అది ఆ వీధిలో ఏ అంగడిలోనూ ఎవరూ చెప్పక్కర్లేని నియమం. కుడికాలు మడిస్తే మోకాలికీ చీలమండకూ నడుమ, ముందు ఎముక మీద, నిప్పుకణిక అంటించినట్టుంటుంది. నెలరోజులుగా రామాంజులు చీరలను ఎత్తుగా పేర్చుకుని, వాటి చాటున కుడికాలు చాపుకుని కూర్చుంటున్నాడు. ఎవరూ చూడలేదనే అనుకున్నాడు.

పదిన్నరకు కామాక్షమ్మ టీ తెచ్చింది. అంగడి ఊడ్చేది, అందరికీ టీలు అందించేది ఆమే. వీధిలో ఏ మాట పుట్టినా ముందు ఆమె చెవినే పడుతుంది.

“ఏమప్పా రామాంజులూ, లిస్టు చూసినావా?”

“చూసినా.”

“పులివెందుల పరుగులో సావుకారును యెనకేసి పోతివంట. పోయేటోనివి గమ్మున పోక, తిరిగి చూసి నగితివంట. నగితే పేరుంటాదా?”

“నేను నగలేదు మే.”

“నగినావనే అందరూ చెప్పుకుంటాండారు. మొన్న బంగారంగడాయన ఇదే పరుపు మీద కూసోని, ‘ఏం శెట్టీ, నీ గుమాస్తా నీకంటే పదకొండు నిమిషాలు ముందరొచ్చె, అంగడి గూడా ఆయప్పకే రాసిచ్చెయ్’ అన్యాడు. సావుకారు నవ్వినాడు గానీ మొగం చూడల్ల నువ్వు.”

రామాంజులు టీ తాగి గ్లాసు బోర్లించాడు. అనుమానం ఏమన్నా ఉండి ఉంటే అది అక్కడితో పోయింది.

చక్కెర జబ్బుకు పరుగు మంచిదని డాక్టరు సావుకారుకు చెప్పినప్పుడు, వెంట నీళ్లబుడ్డి పట్టుకుని పరిగెత్తడానికి ఆయన రమ్మన్నది రామాంజులునే. బుడ్డి పట్టుకున్నవాడు ముందుకు పోతాడని ఆయన అనుకోలేదు. రామాంజులూ అనుకోలేదు.

పదకొండుకు రాఘవేంద్రప్రసాద్ వచ్చాడు. దేవుడి పటానికి దండం పెట్టి, గల్లా వెనక కూర్చోకుండా నేరుగా పరుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

“లిస్టు చూసుంటావు.”

“చూసినా సామీ.”

“నీ మంచికేలేప్పా. మనసులో ఏం పెట్టుకోగాకు.”

రామాంజులు అంచుకు అంచు కలిపి చీర మడిచాడు. అరచేత్తో ముడత సాపు చేశాడు.

“ఆదివారం నువ్వు టీవీయస్ మీద నా యెంబడి రా. నీళ్లు, ఉప్పు నిమ్మకాయ నువ్వే ఇయ్యల్ల. నువ్వు పక్కన లేకుంటే నాకు కాలు సాగదు.”

“సరే సామీ.”

రాఘవేంద్రప్రసాద్ ఇంకా ఏదో చెప్పబోయినట్టు నిలబడ్డాడు. రామాంజులు తల ఎత్తలేదు. ఎందుకు కొట్టేశావని అడగలేదు. అడిగితే ఒక అబద్ధం వినాలి, విని తల ఊపాలి. పేరు పోయింది చాలు. తల కూడా ఊపడం అతనికి ఇష్టం లేదు.

మధ్యాహ్నం అన్నానికి ఇంటికి పోయాడు. పోయే దారిలోనే కాంపౌండరు ఇల్లు. ఆరేళ్ల కింద రామాంజులు భార్య వెంకటరమణమ్మ కడుపు వత్తి చూసి, ‘ఏం గాదులేప్పా, గ్యాసు’ అన్నాడతను. మూడో రోజు ఆమె పోయింది. ఆ రోజు నుంచి రామాంజులు అతనితో మాట్లాడలేదు. ఎదురుపడితే కాంపౌండరే తల వంచుకుంటాడు. రామాంజులు వంచడు. చూస్తూ నడుస్తాడు.

ఆ రోజూ చూస్తూనే నడిచాడు.

శుక్రవారం సావుకారు అతన్ని పులివెందులకు పంపాడు. పరుగు చొక్కాలు అక్కడ అచ్చు వేయించారు. అవి తీసుకుని, తిరిగి వచ్చేటప్పుడు ముద్దనూరు మీదుగా జమ్మలమడుగులో దిగి, నూర్ అహ్మద్‌కు కట్టుగుడ్డల పెట్టె ఇచ్చి రావాలి. పరుగెత్తేవాళ్లకు కాలు బెణికినా పట్టినా చూడటానికి జమ్మలమడుగు గుడారంలో కూర్చునేది నూర్ అహ్మదే. చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఎముకలు కట్టేది ఆయన.

అచ్చు అంగడిలో సుహానా అనే పిల్ల చొక్కాలు లెక్కపెట్టి ఇచ్చింది. నారింజరంగు గుడ్డ మీద తెల్ల అంకెలు. ఇరవై చొక్కాలకు ఒక కట్ట చొప్పున పురికొసతో కట్టింది.

“ఇయ్యన్నీ లిస్టులో ఉండేటివి అన్నా. ఇదొకటి వేరే.” మడిచిన చొక్కా ఒకటి విడిగా పెట్టింది. ఎనభై ఎనిమిది. “ఈ పేరు కొట్టేసినారు గదా, ఇది ఆపేస్తామంటే మీ సావుకారు వద్దన్యాడు. ‘అది వెయ్‌మ్మా, అది నాకు గావల్ల’ అన్యాడు. దీన్ని వేరే కవర్లో పెట్టి ఆయన చేతికే ఇయ్యమన్యాడు.”

రామాంజులు చొక్కాను తన భుజాలకు ఆనించి చూడలేదు. గుడ్డ చూస్తే కొలత తెలిసే పని ముప్పై ఏళ్లుగా చేస్తున్నాడు. అది అతని కొలతే. సావుకారు కొడుకు కార్తీక్‌దీ దాదాపు అదే కొలత. పేరివ్వడం కార్తీక్‌కు ఆఖరి నిమిషంలో గుర్తొచ్చి ఉంటుంది. ఒక గుమాస్తా పేరు గీస్తే కొడుక్కి చోటు దొరుకుతుంది.

“కవర్లో పెట్టమ్మా” అన్నాడు.

“నువ్వు పరిగెత్తవా అన్నా?”

“నేను బండి తోలుతా.”

బస్సులో మూటను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ముద్దనూరు దాటేదాకా ఆ కవరు మూట మీదే ఉంది. తర్వాత దాన్ని మూట కిందికి తోశాడు.

నూర్ అహ్మద్ ఇంటి ముందు రేకుల పంచలో ముగ్గురు కూర్చుని ఉన్నారు. ఒకాయన చేతికి కట్టు అప్పుడే పూర్తయింది. గిన్నెలో కోడిగుడ్ల తెల్లసొన, పక్కన మినప్పిండి, సన్నగా చీల్చిన వెదురుబద్దలు. నూర్ అహ్మద్ పాత పంచెను పళ్లతో అంచు కొరికి, బెత్తెడు వెడల్పున చించుతున్నాడు. డెబ్బైకి దగ్గరగా ఉన్నాడు. చేతులు మాత్రం వణకవు.

“రాప్పా రామాంజులూ. పెట్టె ఆడ పెట్టు. కాలు ఈడ పెట్టు.”

“కాలు బాగుండాది మామా.”

“నేను అడగలా. పెట్టమన్యా.”

రామాంజులు పీట మీద కూర్చుని ప్యాంటు మడిచాడు.

“నేను కట్టిన కట్టు ఏమాయ?”

“నానిపోయింది మామా.”

“నానలేదు. నాలుగో రోజే ఇప్పి పారేసినావు. పద్దెనిమిది రోజులు ఉండల్లని చెప్పితినా లేదా?”

“కట్టుతో పరిగెత్తేదానికి రాలా.”

“పరిగెత్తొద్దనే గదప్పా కట్టేది!” ఎదురుగా కూర్చున్న ముసలాయన ఆ మాటకు నవ్వాడు. నూర్ అహ్మద్ నవ్వలేదు. బొటనవేలిని మోకాలి కింద పెట్టి, ఎముక వెంబడి ఒక్కో అంగుళం నొక్కుతూ దిగాడు. కాలి నడుమకు రాగానే రామాంజులు పళ్లు కరుచుకున్నాడు.

“నీ వేలు ఇయ్యి.” రామాంజులు బొటనవేలు పట్టుకుని, అతని కాలి మీదే అతనిచేత నొక్కించాడు. “పైన నొప్పుండాదా?”

“లేదు.”

“కింద?”

“లేదు.”

“ఈడ? ...ఆఁ. చూసినావా. వత్తితే పొడుగునా నొప్పుంటే అది కండ, లేకుంటే నరం. నూనె రాసుకోని తిరిగినా పోతాది. ఒక్కచోటనే, రూపాయి బిళ్లంత చోటులో నొప్పుంటే, అది ఎముక చీలింది. దాని మీద పరిగెత్తితే ఇరుగుతాది. ఈ యెవ్వారం దేవునికి గూడా మార్చేదానికి కాదు. ఇంగ నీకు తెలిసిపోయింది, నాతో పనిల్యా.”

“నేను పరిగెత్తేది లేదులే మామా. పేరు కొట్టేసినారు.”

నూర్ అహ్మద్ మళ్లీ పంచె అందుకున్నాడు.

“సావుకారే కొట్టేసినాడు” అన్నాడు రామాంజులు. “నేను ముందర పోయినానని ఓర్చుకోలేక.”

గుడ్డ చించే చప్పుడు ఆగింది. నూర్ అహ్మద్ వాకిట్లో తిరుగుతున్న కోడిపెట్టను కాసేపు చూశాడు.

“కొట్టేస్తే కొట్టేసినాడు. కాలుండాది గదా” అన్నాడు. తర్వాత, “మీ సావుకారు మంచోడే” అన్నాడు.

రామాంజులు ప్యాంటు దించుకుని లేచాడు. అందరికీ అందరూ మంచోళ్లే అనుకున్నాడు.

శనివారం తెల్లవారకముందే పెన్న ఏటి ఇసుకలోకి దిగాడు. ఎనిమిది నెలలుగా దిగుతున్నాడు. ఇసుకలో పరుగు రోడ్డు మీద పరుగంత దెబ్బ తగలదు. అంగడిలో మిగిలిపోయిన కోరాగుడ్డ పీలికను కాలికి గట్టిగా చుట్టి, చివరను లోపలికి దోపాడు. పరుగు మొదలుపెట్టాడు. ఒక కిలోమీటరు బాగానే ఉంది. రెండోది సగం కాకముందే ఆ చోటు మేలుకుంది. ఆగి, ఇసుకలో కూర్చుని, పీలిక విప్పి వేలితో నొక్కాడు. పైన లేదు. కింద లేదు. అక్కడే.

పేరుంటే ఈ కాలితోనే పరిగెత్తేవాడు. ఇరవయ్యో కిలోమీటరులో పడినా, ముప్పయ్యోదానిలో పడినా, ఆ పడడం అతనిది అయ్యేది. ఇప్పుడు అది కూడా లేదు. ఉన్నదల్లా టీవీయస్, నిమ్మకాయ నీళ్లు.

ఇంటికి కుంటుతూ వచ్చాడు.

సాయంత్రం నాలుగింటప్పుడు గిరాకీ కాస్త పలచబడింది. రాఘవేంద్రప్రసాద్ మెట్ల మీద నుంచి పిలిచాడు. పైన సరుకు దాచే గది. విప్పని మూటలు, నాఫ్తలీను ఉండల వాసన.

“తలుపు దగ్గరికి వెయ్యి.”

వేశాడు. రాఘవేంద్రప్రసాద్ ఒక మూట మీద కూర్చుని ఎడమకాలి ప్యాంటు పైకి మడుచుకున్నాడు. తెల్లటి కాలు. ఎండ ఎరగని కాలు.

“రెండు వారాల నుంచి నొప్పప్పా. ఇంట్లో చెప్పలా, చెప్తే పోనియ్యరు. క్లబ్బులో చెప్పలా, చెప్తే నగుతారు. నూర్ అహ్మద్‌కు చూపిస్తే ఊరికంతా తెలుస్తాది. నువ్వు నూర్ అహ్మద్ కాడికి పోయొస్తాంటావు, ఆయన వత్తేది చూసింటావు గదా. వత్తి చూడు. నరమైతే పరిగెత్తుతా. ఎముకంటే నిలిచిపోతా. నీ మాట మీదుంటా.”

రామాంజులు మోకాళ్ల మీద కూర్చున్నాడు. కుడికాలు సలిపింది. బొటనవేలిని మోకాలి కింద పెట్టాడు. గుడ్డ కొలిచేటప్పుడు జరిపినట్టు ఒక్కో అంగుళం దింపాడు.

పైన ఏమీ లేదు. నడుమ ఏమీ లేదు. చీలమండకు నాలుగు వేళ్ల ఎత్తులో చర్మం కాస్త ఉబ్బి ఉంది. వేడిగా తగిలింది. నొక్కాడు. రాఘవేంద్రప్రసాద్ కాలివేళ్లు ముడుచుకున్నాయి. మూటను రెండు చేతులా పట్టుకున్నాడు. వేలు కిందికి జరిపితే ఊపిరి వదిలాడు.

రామాంజులు మళ్లీ అక్కడికే వచ్చి ఇంకోసారి నొక్కాడు. రూపాయి బిళ్లంత.

“ఏందప్పా?”

తల ఎత్తితే సావుకారు చొక్కా జేబు సరిగ్గా కళ్ల ఎదురుగా ఉంది. జేబులో పచ్చమూత పెన్ను.

“నరం పట్టింది సామీ” అన్నాడు. “ఏం గాదు.”

“నిజంగానా?”

“ఏం గాదు. నూనె రాస్తా.”

రాఘవేంద్రప్రసాద్ ముఖం విప్పారింది. “నాకు తెలుసప్పా. భయపడినా అంతే. నువ్వు చెప్పినావు చూడు, ఇప్పుడు సగం నొప్పి పాయ.”

రామాంజులు కిందికి పోయి నువ్వులనూనె తెచ్చి, ఆ కాలికి చాలాసేపు రాశాడు. ఆ చోటు దగ్గర వేళ్లు తేలిక చేశాడు.

ఆదివారం ఐదున్నరకు పరుగు మొదలైంది. మసక వెలుతురులో నారింజ చొక్కాలు ఊరి చుట్టు పూర్తి చేసి జమ్మలమడుగు రోడ్డు ఎక్కాయి. రామాంజులు టీవీయస్‌ను మనిషి పరుగు వేగంతో తోలాడు. ముందు బుట్టలో నీళ్లబుడ్లు, నిమ్మచెక్కలు, ఉప్పు. కొక్కేనికి సావుకారు సంచి వేలాడుతోంది. ‘అది జాగర్తప్పా, కోట కాడ విప్పుదాం’ అని సావుకారు పొద్దునే తగిలించాడు. కార్తీక్ తన చొక్కాతోనే ముందు పోతున్నాడు. పన్నెండో నంబరు. అది రామాంజులు చూశాడు. చూసి, ఎనభై ఎనిమిది మరి ఎవరికోసమని ఒకసారి అనుకున్నాడు. ఎవరో ఒకరికి. తనకైతే కాదు.

పది కిలోమీటర్ల దాకా రాఘవేంద్రప్రసాద్ నవ్వుతూ పరిగెత్తాడు. పన్నెండుకు మాట్లాడడం మానేశాడు. పద్దెనిమిది దగ్గర ఎడమపాదం నేల మీద పడే ముందు ఒక్క క్షణం ఆగడం మొదలైంది. వెనక నుంచి చూసేవాడికి అది స్పష్టంగా తెలుస్తుంది. వెనక ఉన్నది రామాంజులు ఒక్కడే.

నీళ్లు ఇచ్చాడు. నిమ్మచెక్క ఇచ్చాడు.

జమ్మలమడుగులో గుడారం ముందు నూర్ అహ్మద్ ఎవరి మడమకో గుడ్డ చుడుతున్నాడు. తల ఎత్తి చూశాడు.

“సావుకారూ! ఎడమకాలు ఈడుస్తాండావే. రా, ఒక తూరి చూస్తా!”

“మా రామాంజులు చూసినాడు మామా!” రాఘవేంద్రప్రసాద్ ఆగకుండానే చెయ్యి ఊపాడు. “ఏం గాదంట!”

నూర్ అహ్మద్ చూపు టీవీయస్ మీదికి వచ్చింది. రామాంజులు యాక్సిలేటరు తిప్పాడు.

ముప్పై నాలుగు దాటాక రోడ్డు ఎత్తు ఎక్కింది. ఎండ వచ్చింది. రెండు పక్కలా ఎర్రరాళ్లు. రాఘవేంద్రప్రసాద్ చొక్కా ఒంటికి అంటుకుపోయింది. పెదవులు తెల్లబడ్డాయి. ప్రతి అడుగుకూ గొంతులో ఒక చిన్న శబ్దం వస్తోంది. అది వినగా వినగా రామాంజులు బండిని పక్కకు తెచ్చాడు.

“చాల్లే సామీ. బండెక్కు.”

“ఎందుకు?”

“చాల్లే. మళ్లా యేడు పరిగెత్తచ్చు.”

రాఘవేంద్రప్రసాద్ అతనివైపు చూసి నవ్వడానికి ప్రయత్నించాడు. “నువ్వే గదప్పా ఏం గాదంటివి. నరం నొప్పికి నిలిచిపోతే... బంగారంగడాయన... నన్ను బతకనిస్తాడా. ఇంగ ఎనిమిదే.”

నిన్న అబద్ధం చెప్పినా అని ఒక్క మాట అంటే నిలిచేవాడు. అంత చిన్న మాట. రామాంజులు నోరు తెరిచాడు. నీళ్లబుడ్డి మూత తిప్పి అందించాడు.

ముప్పై ఎనిమిదో రాయి దగ్గర విరిగింది. ఎండిన కందికట్టె విరిచినట్టు చప్పుడు బండి మోతలోనూ వినబడింది. రాఘవేంద్రప్రసాద్ ఒక అడుగు గాలిలో వేసి, పక్కకు పడ్డాడు. అరవలేదు. విరిగిన చోటుకు కింద పాదం ఒకవైపుకు తిరిగి ఉంది. దానివైపు, అది ఎవరిదో అన్నట్టు, వింతగా చూశాడు.

రామాంజులు బండి వదిలేసి ఉరికాడు. బుడ్లు రోడ్డు మీద దొర్లాయి.

వెనక వస్తున్న క్లబ్బు కారులో సావుకారును, వెంట రామాంజులును జమ్మలమడుగు గుడారానికి తెచ్చారు. ప్రొద్దుటూరు ఆసుపత్రికి తీసుకుపోయే అంబులెన్సు వచ్చేలోగా కాలు కదలకుండా కట్టాలి. కొడుక్కి కబురు పోయింది. నూర్ అహ్మద్ ఇద్దరిని పట్టుకోమని, వెదురుబద్దలు పెట్టి కట్టాడు. కట్టే ముందు విరిగిన చోటు చుట్టూ వేలితో తడిమి చూశాడు.

“ఇది ఈ పొద్దు మొదలైంది గాదు సావుకారూ. పది పదైదు రోజుల కిందనే చీలింది. ఎవురైనా నిన్న వత్తి చూసింటే తెలిసిండేది.”

“చూసినాడు మామా.” రాఘవేంద్రప్రసాద్ కళ్లు మూసుకునే అన్నాడు. “రామాంజులు చూసినాడు. నరమనుకున్యాడు. వానికేం తెలుసు పాపం, చీరలమ్మేటోడు. వాన్నేం అనగాకండి.”

నూర్ అహ్మద్ చేతులు ఆగలేదు. ఆఖరి ముడి వేసి, మిగిలిన గుడ్డ కొరికి తెంచాడు. లేచి గుడారం వెనక్కి పోయాడు. రామాంజులు చెంబుతో నీళ్లు పోశాడు. ముసలాయన మోచేతుల దాకా కడుక్కున్నాడు.

“నీ పేరు కొట్టేయించింది నేను” అన్నాడు.

రామాంజులు నీళ్లు పోస్తూనే ఉన్నాడు.

“పోయిన ఆదివారం గుడారం పని మాట్లాడేదానికి సావుకారు నా కాడికొచ్చె. మా రామాంజులు అంగట్లో చీరల చాటున కాలు చాపుకోని కూసుంటాండాడు, వాని కాలికేమాయ అని ఆయనే అడిగె. ఎముక చీలింది, పరిగెత్తితే ఇరుగుతాది, పేరు తీసెయ్ అన్యా. అప్పుడు గూడా ఒప్పుకోల్యా. ఆఖరి రోజు దాకా చూద్దాం మామా, వాడు ఎనిమిది నెల్ల నుంచి పరిగెత్తుతాండాడు, వానికి ఇదొకటే ఉండేది అన్యాడు. నేనే గట్టిగా చెప్పినా. నా పేరు చెప్పొద్దని గూడా నేనే చెప్పినా. చెప్తే నువ్వు నా కాడికి రావు, కట్టు గూడా కట్టించుకోవు. ఆ తిట్లు నేను పడతాలే అన్యాడు.”

చెంబులో నీళ్లు అయిపోయాయి.

నూర్ అహ్మద్ తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ అతని కుడిచేతి బొటనవేలిని చూశాడు. చాలాసేపు చూశాడు.

“నేను ఎముకలు కట్టేటోన్ని” అన్నాడు. “మిగిలింది నాకు తెలీదు. నాకు చెప్పొద్దు.”

గుడారంలోకి వచ్చేసరికి రాఘవేంద్రప్రసాద్‌ను అంబులెన్సులోకి ఎక్కిస్తున్నారు. రామాంజులును చూసి చెయ్యి ఎత్తాడు.

“బండికి తగిలించినా చూడు సంచి. ఉండాదా?”

“ఉండాది సామీ.”

“దాంట్లో నీ చొక్కా ఉండాది, తీస్కో. కోటవాకిలి కాడ నీకు తొడిగిచ్చి, ఆఖరి వంద గజాలు నా పక్కన నడిపించల్లనుకున్యా. వంద గజాలకు నీ కాలేం గాదని నూర్ మామ చెప్పినాడు.” నొప్పికి ముఖం వంకర పోయింది. “మళ్లా యేడు ఇద్దరం పరిగెత్తుదాం లేప్పా.”

తలుపు మూశారు.

ముప్పై ఎనిమిదో రాయి దగ్గర టీవీయస్ పడిన చోటే పడి ఉంది. సంచి ఇంకా కొక్కేనికే ఉంది. రామాంజులు బండి లేపాడు. సంచి విప్పలేదు. ప్రొద్దుటూరు దాకా అది మోకాలికి తగులుతూనే వచ్చింది.

సోమవారం ఆసుపత్రి నుంచి కబురు వచ్చింది. రాడ్డు వేస్తారట. నడక రావడానికి ఆరునెలలు. పరుగు మాట ఎత్తవద్దని డాక్టర్లు అన్నారట.

అంగడికి పోయే దారిలో కాంపౌండరు వాకిట్లో నిలబడి పళ్లు తోముకుంటున్నాడు. రామాంజులును చూసి, ఎప్పటిలాగే తల వంచుకోబోయాడు. అప్పటికే రామాంజులు తల కిందికి దిగి ఉంది. అతను రోడ్డు అంచున పారే మురుగునీళ్లు చూస్తూ ఆ ఇల్లు దాటాడు.

అద్దం తలుపుకు లిస్టు ఇంకా అతికించే ఉంది. లోపల పరుపు మీద శనివారం విప్పిన చీరలు కుప్పగా ఉన్నాయి. రామాంజులు చాటుకు ఏమీ పేర్చుకోకుండా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. కుడికాలు పూర్తిగా మడిచాడు. ఒక చీర అందుకుని అంచుకు అంచు కలిపాడు.

కామాక్షమ్మ టీ తెచ్చి ఎదురుగా కూలబడింది. గొంతు తగ్గించింది.

“చూసినావా అప్పా. నీ పేరు కొట్టేస్తే ఆయప్ప కాలు దేవుడే కొట్టేసినాడు. ఊరంతా ఇదే మాట. అసలు ఏమాయ ఆడ? నువ్వు పక్కనే ఉంటివి గదా. ఎట్ల ఇరిగింది? ముందర తెలియల్యా?”

రామాంజులు చీర మడత పూర్తి చేశాడు. అరచేత్తో ముడత సాపు చేశాడు. అది పోలేదు. మళ్లీ చేశాడు.

“కామాక్షమ్మా” అన్నాడు. “ఆ మాట నా ముందర ఇంగెప్పుడూ ఎత్తగాకు. ఎవురు అడిగినా, రామాంజులు చెప్పడంట అను. నేను చెప్పను. ఈ పొద్దు గాదు, సచ్చేదాకా చెప్పను.”

“నేనేమంటినప్పా...”

“టీ ఆడ పెట్టి పో.”